పదో అంతస్తు కంటే ముందు: కోట నుంచి మంత్రి నారాయణ గారికి

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి శ్రీ పొంగూరు నారాయణ గారికి,

నేను కోట ఊళ్లో ముప్పై అయిదేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన టీచరును. విద్యానగర్ వైపు నాకు ఎకరన్నర నేల ఉంది. మా ఆయన బతికున్న రోజుల్లో అందులో వేరుశెనగ వేసేవాళ్లం. కిందటి నెల ఒక ఆదివారం పొద్దున ఇద్దరు కుర్రవాళ్లు కారు దిగి వచ్చి, ఆ నేలను డెవలప్‌మెంటుకి ఇమ్మని అడిగారు. చేతిలో రంగుల బ్రోచరు ఉంది. రెండు మేడలు, ఒక్కోటి పది అంతస్తులు, మొత్తం రెండు వందల ఫ్లాట్లు. మధ్యలో ఈతకొలను. నూటికి నాకు నలభై వంతులు, వాళ్లకు అరవై. రెండు పడకగదుల ఫ్లాటు నలభై లక్షలకు అమ్ముతారట. "పక్కనే కాలేజీలు, అవతల క్రిస్ సిటీ పారిశ్రామిక నగరం వస్తోంది, అద్దెలకు కొదవేముంది మేడం?" అన్నారు. పిల్లలు మర్యాదగానే మాట్లాడారు. సంక్రాంతి వెళ్లాక చెబుతానని గడువు అడిగాను.

ఆ గడువులో నేను వేసుకున్న లెక్కలే ఈ ఉత్తరం. మీకే ఎందుకు రాస్తున్నానంటే, మీరు నెల్లూరు మనిషి. 1979లో నెల్లూరులో చిన్న లెక్కల ట్యూషన్‌తో మొదలుపెట్టి ఇంత దూరం వచ్చారు. ఆ 1979లోనే మా విద్యానగర్‌లో ఎన్.బి.కె.ఆర్. ఇంజనీరింగు కాలేజీ తెరిచారు. చదువుకోడానికి ఊరు వదిలి వచ్చిన పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు, తండ్రి ఎంత ఇవ్వగలడు అన్నవి మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా మాలాంటి ఊళ్లలో ఇంత పెద్ద కట్టడానికి అనుమతి పంచాయతీ పేరుతో వచ్చినా, దాని వెనక సాంకేతిక ఆమోదం మీ శాఖ కింద ఉన్న పట్టణ ప్రణాళిక వాళ్లది. 2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు. కాగితాల మీద జిల్లా ఏదైనా మాకు బజారు, ఆసుపత్రి, పెళ్లి సంబంధం అన్నీ నెల్లూరు వైపే. అందుకని మా ఊరి మంత్రికి రాసుకున్నట్టే రాస్తున్నాను.

ముందు అద్దెల సంగతి చెబుతాను. అది నాకు బాగా తెలిసిన సంగతి.

మా ఇంటి మిద్దె మీద మూడు గదులున్నాయి. 1991 నుంచి వాటిల్లో ఇంజనీరింగు పిల్లలే ఉంటున్నారు. ఉదయగిరి, ఆత్మకూరు, వెంకటగిరి, అవతల కడప నుంచి వచ్చినవాళ్లు. ఒక ఏడు పొదలకూరు కుర్రాడి అద్దె మూడు నెలలు ఆగిపోయింది. వాళ్ల నాన్న బస్సెక్కి వచ్చి, గోతాం నిండా నిమ్మకాయలు మా వసారాలో దించి, తలవంచుకుని నిలబడ్డాడు. ఆ ఏడు నిమ్మకు రేటు లేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు బెంగుళూరులో స్థిరపడ్డాడు. పండక్కి వస్తే ముందు మా ఇంటికే వస్తాడు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. కోటలో అద్దె అంటే ఇట్లాంటి ఇళ్లలో, ఇట్లాంటి మనుషుల మధ్య నడిచే వ్యవహారం. ఒక గదిలో ముగ్గురు. ఒక్కొక్కరికి రెండు వేలో, రెండున్నర వేలో. భోజనం మెస్సులో. సైకిలో, పాత బైకో బయట.

ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చిన 2007-08 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందల దాకా పోయాయి. ఆ ఊపులో మా వీధిలోనే నాలుగు ఇళ్లకు మిద్దెలు లేచాయి. తర్వాత కాలేజీలు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. ఉన్నవాటికేమో ఊరూరికీ బస్సులు వచ్చాయి. నెల్లూరు పిల్లవాడు పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరుతున్నాడు. ఇక 2020 మార్చిలో కరోనా. రెండు రోజుల్లో మా గదులు మూడూ ఖాళీ. పిల్లలు పరుపులు కూడా వదిలేసి వెళ్లారు. ఏడాది పైగా రూపాయి అద్దె లేదు. నా ఇంటి మీద అప్పు లేదు కాబట్టి, పింఛను వస్తుంది కాబట్టి తట్టుకున్నాను.

ఇప్పుడు ఆ నలభై లక్షల ఫ్లాటు తీసుకోండి. పది లక్షలు చేతిలోంచి పెట్టి, ముప్పై లక్షలు బ్యాంకులో తెస్తే, ఎనిమిదిన్నర వడ్డీకి, ఇరవై ఏళ్లకు, నెల వాయిదా ఇరవై ఆరు వేలు. కోటలో మంచి రెండు పడకగదుల పోర్షన్‌కి నాకు తెలిసి ఎనిమిది వేలు గగనం. మిగతా పద్దెనిమిది వేలు ఎవరి జేబులోంచి? అది కొనేది బెంగుళూరులో ఉద్యోగం చేసే మా పాత విద్యార్థే అయి ఉంటాడు, లేదంటే డాలస్‌లో ఉన్న మా బంధువుల అబ్బాయి. ఊరి మీద మమకారంతో కొంటాడు. అమ్మానాన్నలు ముసలివాళ్లై ఆ ఎనిమిదో అంతస్తు ఎక్కి ఉంటారా అంటే, ఉండరు. వాకిట్లో కళ్లాపి చల్లే మనుషులు వాళ్లు.

మన పేరే ఉన్న రాజస్థాన్ కోటను చూడండి. కోచింగుల లోకం చూసిన మీకు ఆ ఊరు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. కోచింగుకు వచ్చే పిల్లలు రెండు లక్షలు దాటారని హాస్టళ్లు మీద హాస్టళ్లు కట్టారు. కోరల్ పార్కు అనే పేటంతా ఎత్తైన హాస్టళ్లే. పిల్లల ఆత్మహత్యల వార్తలు ఒకవైపు, ఎక్కడికక్కడ కోచింగు సెంటర్లు తెరుచుకోవడం ఇంకోవైపు. 2024 వచ్చేసరికి వచ్చే పిల్లలు బాగా తగ్గారు. అప్పు తెచ్చి కట్టినవాళ్లు వాయిదాలకు వెతుక్కోవలసి వచ్చింది. చదువు మీద ఆధారపడిన ఊరికి అద్దె అనేది ఏటి నీళ్ల లాంటిది. ఒక ఏడు పారుతుంది, ఒక ఏడు చెలమ తవ్వుకోవాలి. చిన్న మిద్దె ఆ ఎండను తట్టుకుంటుంది. రెండు వందల అప్పుల మీద లేచిన మేడ తట్టుకోలేదు.

ఇక క్రిస్ సిటీ. దాని మీద నాకు నిజంగా ఆశ ఉంది. కృష్ణపట్నం పారిశ్రామిక నోడ్‌కు 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,139 కోట్లతో ఆమోదం చెప్పింది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ సభ నుంచి శంకుస్థాపన చేశారు. చిల్లకూరు, కోట మండలాల నేల అది. పదివేల అయిదువందల కోట్ల పెట్టుబడులు, ప్రత్యక్షంగా పరోక్షంగా లక్ష ఉద్యోగాలు అని కేంద్రం చెప్పింది. లక్షలో సగం వచ్చినా మా పిల్లలు చెన్నై బస్సెక్కే పని తప్పుతుంది. కానీ ఆ ఉద్యోగాల్లో ఎక్కువ ఎవరివి? లైను మీద నిలబడి పనిచేసే అమ్మాయిలవి, డ్రైవర్లవి, ఫిట్టర్లవి, గోడౌన్ కూలీలవి. వాళ్లకు నలభై లక్షల ఫ్లాటు అక్కరకు రాదు. నెలకు మూడు వేలకు దొరికే గది కావాలి. నీళ్లు రావాలి, తలుపుకు గట్టి గొళ్లెం ఉండాలి, రాత్రి షిఫ్టు దిగి నడిచొచ్చే దారిలో దీపం ఉండాలి. ఇక్కడికి దక్షిణాన శ్రీసిటీ పారిశ్రామిక వాడ ఉంది. అక్కడ షిఫ్టు మారే వేళ పల్లెలకు మళ్లే బస్సుల వరస చూస్తే, ఫ్యాక్టరీ పక్కనే ఇల్లు దొరకడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

అమరావతిలో హ్యాపీనెస్ట్ అనే ప్రభుత్వ ఫ్లాట్ల కథ మీ చేతుల మీదుగా నడిచింది. 2018లో నేలపాడు దగ్గర పన్నెండు టవర్లు, స్టిల్టు మీద పద్దెనిమిది అంతస్తులు, 1,200 ఫ్లాట్లు. ఆన్‌లైన్లో గంటల్లో బుక్కయ్యాయి. ప్రభుత్వం మారాక పని నిలిచిపోయింది. డబ్బు కట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురు చూశారు, కొందరు వాపసు తీసుకున్నారు. మళ్లీ మీరు వచ్చాక అది కదిలింది. ప్రభుత్వమే వెనక ఉన్న కట్టడానికి, రాజధాని నేలలో, అన్ని కష్టాలు వచ్చాయి. ఒక ప్రైవేటు మనిషి, ఒక పంచాయతీ, ఇంకా పునాది దశలో ఉన్న పారిశ్రామిక నగరం మీద నమ్మకం పెట్టుకుని కట్టే రెండు మేడలకు మధ్యలో డబ్బు ఆగిపోతే ఎవరు దిక్కు?

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు లెక్క. నన్ను నిద్రపోనివ్వనిది నీళ్ల లెక్క.

మా తీరంలో మంచినీళ్లు పైపైనే ఉంటాయి. ఇసుకలో మనిషి లోతు తవ్వితే తియ్యటి నీళ్లు ఊరే దొరువులు మా చిన్నతనంలో కొత్తపట్నం వైపు ఎన్నో ఉండేవి. ముంత ముంచుకుని తాగేవాళ్లం. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచగా తేలుతుంది. మెల్లగా తోడుకుంటే ఏళ్ల తరబడి ఇస్తుంది. ఆత్రంగా లాగితే కింది ఉప్పు పైకి వస్తుంది, తొందరగా పోదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. వరి మళ్లు రొయ్యల గుంటలయ్యాయి. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు ఎండిపోయాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. మంచి తీర్పు. కానీ అప్పటికే మా మేనమామ బావిలో నీళ్లు పప్పు ఉడకని నీళ్లయ్యాయి. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి గుంటలు మళ్లీ నిండాయి. సిలికా ఇసుక కోసం చిల్లకూరు, కోట, వాకాడు, చిట్టమూరు మండలాల్లో తవ్విన గోతులదీ ఇదే వరస. ముందు తవ్వకం, తర్వాత గొడవ, ఆ తర్వాత నిబంధన. మా నేల మీద ప్రతి నిబంధనా నష్టం వెనకాలే వచ్చింది, నారాయణ గారూ. మేడల విషయంలోనైనా అది ముందు రావాలని నా ఆరాటం.

మనిషికి రోజుకు 135 లీటర్లని ఇంజనీర్లు లెక్క కడతారు. ఇంటికి నలుగురు, రెండు వందల ఇళ్లు. రోజుకు లక్షా ఎనిమిది వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే ఇరవై రెండు, ప్రతి రోజూ. బ్రోచరు తెచ్చిన పిల్లలను అడిగితే "నాలుగు బోర్లు వేస్తాం మేడం" అన్నారు. నాలుగు బోర్లు రాత్రింబవళ్లు లాగితే చుట్టూ ఉన్న ఇళ్ల చేతిపంపుల గతి ఏమిటో వాళ్ల కాగితంలో లేదు. వాడిన నీళ్లలో నూటికి ఎనభై వంతులు మురుగై బయటికి రావాలి. మాకు భూగర్భ డ్రైనేజీ లేదు. రోడ్డు పక్క కాలువ ఉంది, అది వానలకే చాలదు. మాకు వానలు ఆషాఢంలో కాదు, ఆశ్వయుజ కార్తీకాల్లో, వాయుగుండం పట్టినప్పుడు కుండపోతగా పడతాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి ఉరికిన తీరు చూసినవాళ్లం. అప్పుడు ఆ ఎనభై ఆరు వేల లీటర్ల మురుగు ఎటు పోతుంది?

గాలి గురించి కూడా చెప్పాలి. 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గర తీరం దాటిన రాత్రి మేం స్కూలు గదిలో నలభై మందిమి తలుపుకు బల్లలు అడ్డం పెట్టి కూర్చున్నాం. పొద్దున చూస్తే తాటిచెట్లు సగానికి విరిగి ఉన్నాయి. భారతీయ ప్రమాణాల్లో నెల్లూరుకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా పెట్టారు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. సముద్రపు గాలి తగిలే చోట కాంక్రీటు కనీసం ఎం30 ఉండాలని, లోపలి ఇనుముకు 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని ఐఎస్ 456 చెబుతుంది. ఇవన్నీ మా మిద్దె మీద ఉండి చదువుకున్న సివిల్ పిల్లలు నాకు చెప్పినవే. పుస్తకంలో ఉన్నది పోతలో ఉంటుందా అని ఎవరు చూస్తారు? 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతూ ఉన్న పదకొండు అంతస్తుల మేడ వానకు కూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికి వెళ్లిన మన కూలీలు. చెరువు దాపున మెత్తటి నేల మీద, చాలని బలంతో లేపిన మేడ అది. అనుమతి కాగితాలు దానికీ ఉన్నాయి.

కట్టాక ఇంకో కథ. అమెరికాలో మయామీ పక్కన సర్ఫ్‌సైడ్ అనే చోట 1981లో కట్టిన పన్నెండు అంతస్తుల ఫ్లాట్ల మేడ 2021 జూన్ 24 తెల్లవారుజామున కూలి 98 మంది పోయారు. సముద్రతీరం, నీళ్లు నిలిచే స్లాబు, లోపల తుప్పు. మరమ్మతు చేయాలని ముందే తెలుసు. ఖర్చు ఎవరెంత పెట్టాలని యజమానులు ఏళ్లు వాదించుకున్నారు. అంత డబ్బున్న దేశంలో అట్లా జరిగింది. మా మేడలో సగం మంది యజమానులు డాలస్‌లో, బెంగుళూరులో ఉంటే, లిఫ్టు చెడినప్పుడు, ట్యాంకు పగిలినప్పుడు డబ్బు పోగుచేసేది ఎవరు? పైన నిప్పంటుకుంటే పదో అంతస్తుకు అందే నిచ్చెన బండి ఎంత దూరం నుంచి రావాలి?

ఇదంతా చదివి మా ఊరు ఎదగడం నాకు ఇష్టం లేదనుకోకండి. ఎదగాలి. కాకపోతే మూడు నాలుగు అంతస్తుల్లో ఎదిగితే చాలని, అది కూడా ముందు అద్దె ఇళ్లతో మొదలవ్వాలని నేను నమ్ముతున్నాను. దానికి దారి మీ దగ్గరే ఉంది. 2024లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగం పెట్టారు. పారిశ్రామిక కార్మికులు, ఉద్యోగం చేసే ఆడవాళ్లు, విద్యార్థులు అందరూ అందులోకి వస్తారు. పారిశ్రామిక అభివృద్ధి సంస్థల ప్రణాళికా ప్రాంతాలకు కూడా ఆ పథకం వర్తిస్తుంది. క్రిస్ సిటీ చుట్టుపక్కల కోట, విద్యానగర్‌లను దాని కిందికి తెప్పించండి. మీరు ఇదివరకు మంత్రిగా ఉన్నప్పుడు కట్టించిన టిడ్కో ఇళ్లు జీ ప్లస్ త్రీయే, అంటే నాలుగంతస్తులే కదా. వాటిలో జరిగిన ఆలస్యాలు, నీళ్లూ డ్రైనేజీ లేక తాళాలు పడి ఉన్న బ్లాకులు, అన్నీ మీకు తెలుసు. ఆ అనుభవంతో ఇక్కడ ముందు పైపు వేసి తర్వాత గోడ లేపితే మేలు.

ఆపైన ఎత్తు కట్టాలనుకునేవాళ్లకు మూడు అడ్డుగోడలు కావాలి. బోరు నీళ్లను నమ్ముకుని నాలుగు అంతస్తులు దాటి ఎవరికీ ఆమోదం ఇవ్వకండి. స్వర్ణముఖి నుంచో, కండలేరు నుంచో మా తాగునీటి వాటా ఎంతో తేలి, పైపు ఊరు చేరాకే ఎత్తు మాట. మట్టి పరీక్ష, నిర్మాణ లెక్కలు బిల్డరు పెట్టుకున్న మనిషి కాకుండా ఇంకొకరు చూడాలి. ఏర్పేడులో ఐఐటీ తిరుపతి ఉంది. మా ఊళ్లోనే నలభై ఏళ్లకు పైబడి సివిల్ ఇంజనీరింగు చెబుతున్న కాలేజీ ఉంది. వాళ్లకు ఆ పని అప్పగిస్తే పిల్లలకూ చదువు దక్కుతుంది. ఇక రోడ్లు ఎంత వెడల్పు, వరద నీరు ఏ దారిన పోవాలి, ఎక్కడ మేడ, ఎక్కడ మాగాణి అని చూపే ప్రణాళిక పటాన్ని తెలుగులో అచ్చువేసి గ్రామసభలో గోడకు అంటించాలి. ఇంతవరకు అట్లాంటి పటం ముందు నిలబడి నేను నా నేలను వేలితో చూపించలేదు.

కొనేవాళ్లకు కూడా ఒక మాట అందించాలి. ఫ్లాట్లు కొనేవాళ్లను కాపాడే రెరా చట్టం 2016 నుంచీ ఉంది. ఎనిమిది ఫ్లాట్లు దాటినా, అయిదు వందల చదరపు మీటర్లు దాటినా రిజిస్టరు చేయాలి. కొన్నవాళ్ల దగ్గర వసూలైన డబ్బులో నూటికి డెబ్బై వంతులు విడి ఖాతాలో ఉండాలి. రాతకోతలు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. కట్టడంలో లోపం బయటపడితే అయిదేళ్లదాకా బిల్డరుదే బాధ్యత. ఇది చెన్నైలో ఉద్యోగం చేసే కుర్రవాడికి తెలుసు. నిమ్మతోట అమ్మి కూతురి పేర ఫ్లాటు కొందామనుకునే రైతుకు తెలియదు. నా సొంత తమ్ముడు నెల్లూరులో ఒక ఫ్లాటుకు తెల్ల కాగితం మీద ఆరు లక్షలు కట్టి, నాలుగేళ్లు తిరిగాడు. వాడు పోయాక ఆ కాగితం మా మరదలు ట్రంకుపెట్టెలో దొరికింది. మండల ఆఫీసులో వారానికి ఒక రోజు రెరా తరఫున ఒక మనిషిని కూర్చోబెట్టడం మీకు పెద్ద ఖర్చు కాదు.

నాకు పిల్లలు ఇద్దరు. అమ్మేసి డబ్బు పంచమని వాళ్లు అడగలేదు, వద్దనీ అనలేదు. "నీ ఇష్టం అమ్మా" అన్నారు. నా ఇష్టం ఏమిటంటే, ఆ ఎకరన్నరలో మూడంతస్తుల్లో, ముప్పై గదుల్లో, క్రిస్ సిటీ పనికి వచ్చే ఆడపిల్లలు ఉండాలి. వెనక వాన నీళ్లు ఇంకే గుంట ఒకటి. దానికి నేల ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, వాళ్లు చెప్పే నలభై వంతుల కంటే తక్కువ వచ్చినా సరే. పథకం కిందికి వస్తుందా, ఎవరిని కలవాలి, ఏ కాగితాలు పెట్టాలి అన్నది మీ శాఖ నుంచి ఎవరైనా చెబితే చాలు. ఆ కుర్రవాళ్లు సంక్రాంతి వెళ్లిన మూడో రోజు మళ్లీ వస్తామన్నారు. వాళ్లు ఇచ్చిన అగ్రిమెంటు కాగితాలు మా బీరువాలో ఉన్నాయి. సంతకం పెట్టలేదు.

ఇట్లు,
కోట నుంచి ఒక రిటైర్డు టీచరు